'నమూనా తయారీ' అనవచ్చా?

సందేహం: మృతదేహం నుంచి తీసిన రక్తంలో డ్రగ్స్ జాడ కనిపెట్టే పాఠాన్ని తెలుగు చేస్తున్నాను. పరీక్షకు ముందు జరిగే పనిని 'రక్త నమూనా తయారీ' అన్నాను. సరేనా? 'గడ్డకట్టిన రక్తం' అని రాస్తే ఇద్దరు రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు. డ్రగ్‌ను 'మందు' అనవచ్చా?

సమాధానం: 'తయారీ' వద్దు. లేనిదాన్ని చేస్తే తయారీ: సబ్బుల తయారీ, అప్పడాల తయారీ. పైగా 'నమూనా ప్రశ్నపత్రం'లో లాగా నమూనాకు 'మాదిరి' అనే అర్థం బలంగా ఉంది. రెండూ కలిస్తే ఎవరో రక్తాన్ని సృష్టించినట్టు ధ్వనిస్తుంది. కోర్టుకెళ్లే కాగితంలో ఆ ధ్వని ప్రమాదం. పారసీ 'నమూనా'కు మన 'మచ్చు' ఉంది కానీ, 'రక్త నమూనా' స్థిరపడిపోయింది, ఉండనివ్వండి. 'నమూనాను పరీక్షకు సిద్ధం చేయడం' అనండి.

లోపలి పనులకు పాలూ పెరుగుల మాటలే చాలు. రక్తాన్ని తొడ సిర నుంచి 'తీస్తారు'. గుండె నుంచి తీస్తే, మరణించాక కాలేయం, ఊపిరితిత్తుల నుంచి డ్రగ్ అటు ఊరి లెక్క పెరగవచ్చు. రక్తం చెడిపోకుండా సోడియం ఫ్లోరైడ్, పేరుకోకుండా పొటాషియం ఆక్సలేట్ ఉన్న గొట్టంలో పోసి తలకిందులు చేస్తూ కలుపుతారు. ఫ్లోరైడ్ చాలకపోతే సూక్ష్మజీవుల వల్ల గొట్టంలోనే ఆల్కహాల్ పుట్టవచ్చు. పరీక్షనాడు కొలిచిన రక్తంలో ముందుగా ఇంటర్నల్ స్టాండర్డ్ (పోల్చి లెక్కకట్టడానికి తెలిసిన మోతాదులో కలిపే పదార్థం) వేసి, మూడింతల చల్లని అసిటోనైట్రైల్ అనే ద్రావకాన్ని కుదుపుతూ కొద్దికొద్దిగా పోస్తారు. మాంసకృత్తులు 'విరుగుతాయి'. ఒక్కసారే పోస్తే ముద్దకట్టి డ్రగ్‌ను లోపలే పట్టేస్తాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున 'మడ్డి', పైన 'తేట'. ఎంత చక్కని మాటలు! 'అవక్షేపం' తప్పు కాదు, కానీ 'మడ్డి' కళ్లకు కడుతుంది. తేటను మాత్రం 'సీరం' అనకండి. సీరం అంటే రక్తం పేరుకున్నాక కణాల నుంచి విడిపడే ద్రవం. శవరక్తంలో ఎర్రకణాలు చితికిపోయి ఉంటాయి కాబట్టి సీరం విడదీయడం సాధారణంగా కుదరదు, మొత్తం రక్తాన్నే పరీక్షిస్తారు.

'గడ్డకట్టిన' దగ్గర తికమక సహజం. చలికి గట్టిపడినా, రక్తం తనంతట పేరుకున్నా అదే మాట. మైనస్ 20 డిగ్రీల్లో ఉంచినదాన్ని 'ఫ్రీజ్ చేసిన రక్తం' అనండి, అది కరిగాక బాగా కలిపితే వాడుకోవచ్చు. రెండోదాన్ని 'రక్తపు గడ్డలు' అనండి. అవి కరగవు, కొలిచి తీసే సన్నని గొట్టానికి (పిపెట్‌కు) అడ్డుపడి కొలత తప్పిస్తాయి, హోమోజినైజర్‌తో చిదపాలి.

'మందు' మాత్రం కుదరదు. 'మందు తాగాడు' అంటే ఒకచోట సారా, ఇంకోచోట పురుగుమందు. 'మాదకద్రవ్యం' అంటే నిద్రమాత్రలు తప్పిపోతాయి. 'డ్రగ్' అనే ఉంచండి.