అత్తగారి తలగడ కింద నూనె సీసా

గాజువాక నుంచి ఒక సోదరి రాశారు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల కూడికల్లో వాళ్ల పాస్టరుగారు అభిషేక తైలం సీసా 300 రూపాయలకు ఇస్తున్నారట. అత్తగారు మూడు కొని, ఒకటి తలగడ కింద పెట్టుకుని, షుగరు మాత్రలు మానేశారు. ఈవిడ ఆ మూడూ సింకులో ఒంపేశారు. 11 రోజులుగా మాటల్లేవు. "ఈ సంఘంలో ఉండటం పాపమా? విశాఖలో వాక్యానుసారమైన సంఘం ఏది?" అని అడుగుతున్నారు.

అమ్మా, ఏ సంఘం మంచిదో నేను చెప్పను. మీ ఊళ్లో మందిరాలకు కరువు లేదు, మీరే వెతుక్కోగలరు. నాలుగు పేజీల ఉత్తరంలో మూడున్నర పేజీలు పాస్టరుగారివి. మాత్రల సంగతి ఒక్క ముక్క. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ ముక్కే.

రేపు పరగడుపున ఒకసారి, తిన్న 2 గంటలకు ఒకసారి అత్తయ్యకు షుగరు పరీక్ష చేయించండి. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ కూడా. మాత్రలు ఎన్నాళ్లు ఆపారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. విపరీతమైన దాహం, వాంతులు, మగత ఉంటే రేపటిదాకా ఆగొద్దు. "ప్రార్థన చేసుకుని మాత్ర వేసుకుందాం అత్తయ్యా" అనండి. బైబిల్లో పౌలు తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడే గానీ, వైద్యం మానమనలేదు.

ఇక ఒంపేసిన నూనె. మోషే చేసిన ఇత్తడి సర్పాన్ని హిజ్కియా ముక్కలు చేశాడని మీరు రాశారు. నిజమే. ఆయన రాజు, జనం దానికి ధూపం వేస్తున్నారు. అంతేగాని వాళ్లమ్మ పడుకున్నాక తలగడ కింద చెయ్యి పెట్టలేదు. పెద్దావిడ వస్తువు ఆమెకు చెప్పకుండా పారబోయడం ఆరాధనను కాపాడటం కాదు, అమర్యాద. ముందు ఆవిడ దగ్గర కూర్చుని తప్పైందనండి. 'కానీ' అని మొదలెట్టకండి.

నూనెలో తప్పు లేదు. యాకోబు 5:14-15లో పెద్దలే రోగి దగ్గరికి వచ్చి నూనె రాసి ప్రార్థిస్తారు, బాగుచేసేది ప్రభువు. ధర కట్టడం, సీసాలోనే శక్తి ఉందనడం తప్పు. "ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి" అన్న మాట ఉండగా దేవుడిచ్చిన స్వస్థతకు డబ్బు పుచ్చుకున్న ఎలీషా సేవకుడు గేహజీ దారి ఎందుకు?

ఇది నలుగురిలో కాకుండా పాస్టరుగారి ముఖాన అడగాల్సింది, మత్తయి 18:15 ప్రకారం. ఆదివారం కూడిక అయ్యాక గుమ్మంలో కాదు. వారం మధ్యలో, మీవారిని వెంటబెట్టుకుని వెళ్లండి. మాత్రలు మానమని వేదిక మీద అన్నారా, అత్తయ్యే అలా అర్థం చేసుకున్నారా? ముందు అది తేలాలి. తర్వాత, సీసాల డబ్బు ఏ పుస్తకంలో రాస్తున్నారు, కానుక లెక్కపెట్టేది ఒక్కరా ఇద్దరా? జవాబు రాకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షులతో సంఘ పెద్దల దగ్గరికి వెళ్లాలి. ఏ తేదీన ఏం అన్నారో రాసిపెట్టుకోండి. సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే బైలాస్, అంటే దాని నియమావళి, అడిగి చూడండి. స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. అక్కడ పెట్టింది సాయంత్రానికి చాడీ అవుతుంది.

డ్రమ్స్ మోత, ఎల్‌ఈడీ తెర గురించి రాసింది వదిలేయండి. అది ఎవరి రుచి వాళ్లది.

"సేవకుణ్ణి ప్రశ్నిస్తే శాపం" అన్నారంటే బయటికి రండి, పెద్దలకు చెప్పి మరీ. అప్పుడు కూడా అత్తయ్య మీ వెంట రావాలంటే, ముందు మీతో మాట్లాడుతూ ఉండాలి కదా.