సమాధానం: రెండు కోటలకూ ఒకే అర్థం రాస్తే కుదరదు

కోటల బొమ్మల మీద రాసిన మీ వ్యాసం ఎందుకు వెనక్కి వచ్చిందని అడిగారు కదా, కారణం దాదాపు ఇదే: ఇంగ్లండ్ చిత్రకారులు టర్నర్ గీసిన డోల్‌బాడర్న్ కోటకీ, కాన్‌స్టబుల్ గీసిన హాడ్లీ కోటకీ కలిపి "రాజుల అధికారానికి గుర్తు" అని ఒకే ముక్క రాసేశారు. రెండూ అప్పటికే పాడుబడ్డ కోటలు, ఏలేవాళ్లెవరూ లేరక్కడ.

1. ముందు వెలుగు ఎటు ఉందో చూడండి. డోల్‌బాడర్న్‌లో (1800) వెలుగంతా బురుజు వెనక ఆకాశంలో ఉంటుంది, బురుజు నల్లగా నిలబడుతుంది, కింద మనుషులు ఎంత చిన్నగా ఉంటారో!

2. అందరూ వదిలేసేది ఇక్కడే. బొమ్మ పూర్తి పేరు, ఏడాది, ఆ కోట సొంత కథ వెతకాలి. వేల్స్‌లోని ఆ బురుజులో ఓవైన్ అనే రాకుమారుణ్ణి సొంత సోదరుడే ఏళ్ల తరబడి బంధించాడని చెబుతారు, టర్నర్ బొమ్మతో పాటు ఇచ్చిన పద్యంలో కూడా స్వేచ్ఛ కోసం అలమటించిన ఆ బందీ మాటే ఉంది. అంటే ఆ కోట అధికారం కాదు, చెర.

హాడ్లీ పూర్తి పేరులో "తుఫాను రాత్రి తర్వాతి ఉదయం" అని ఉంటుంది. కాన్‌స్టబుల్ ఆ చోటు చూసి పెన్సిల్‌తో చిన్న స్కెచ్ వేసుకున్నది 1814లో, భార్య మరియా పోయింది 1828 నవంబరులో, పెద్ద బొమ్మ ప్రదర్శనకి వచ్చింది 1829లో. ఇది తెలిశాక ఆ నిలువునా చీలిన బురుజునీ, దాని కింద కుక్కతో ఉన్న ఒంటరి కాపరినీ మళ్లీ చూడండి, నాకైతే గుండె బరువెక్కుతుంది.

3. ఇప్పుడు ఒక్కో కోటకి విడిగా పేరా రాసి పంపండి.