చివరి శత్రువుకు అంత పరుగెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఫోనులో స్పేస్ ఇన్వేడర్స్ అనే పాత ఆట ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. మొదట నత్తనడక నడిచిన శత్రువులు సగం చచ్చేసరికి పరుగందుకున్నారు. చివరికి మిగిలిన ఒక్కడైతే గురికే అందడం లేదు. ఆటను కష్టం చేయడానికే ఇలా తయారుచేశారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మొదట అనుకుని చేసింది కాదు, చూశాక కావాలని ఉంచేసింది. జపాన్‌లోని టైటో సంస్థలో తొమొహిరొ నిషికాడో 1978లో ఈ ఆటను రూపొందించినప్పుడు ఆయనకు దొరికింది ఇంటెల్ 8080 ప్రాసెసర్. వరుసకు 11 చొప్పున 5 వరుసల్లో నిలిచిన 55 బొమ్మలను ఒక్కసారిగా కదిలించే సత్తా దానికి లేదు గనుక, తెర మారిన ప్రతిసారీ ఒక్క బొమ్మే ఒక అడుగు జరుగుతుంది. తెర సెకనుకు సుమారు 60 సార్లు మారుతుంది కాబట్టి, అందరూ బతికి ఉన్నంతసేపు ఒక్కొక్కరి వంతు మళ్లీ రావడానికి దాదాపు సెకను పడుతుంది. ఒక్కడే మిగిలితే ప్రతిసారీ వాడి వంతే. బంతిలో యాభైమంది కూర్చున్నప్పుడు మన విస్తరి దగ్గరికి మళ్లీ ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసేలా చేసిన వడ్డించేవాడే, ఒక్కరే తింటుంటే ఊపిరి సలపనివ్వడు కదా, ఇదీ అంతే.

ఆటగాళ్లు యంత్రం లోగుట్టును ఇంకా లోతుగా పట్టారు. తెర పైభాగాన దూసుకుపోయే పళ్లెంలాంటి శత్రు ఓడను కొడితే వచ్చే పాయింట్లు అదృష్టాన్ని బట్టి మారుతున్నట్టు కనిపిస్తాయి గానీ, నిజానికి అవి మనం పేల్చిన గుండ్ల లెక్కను బట్టి వస్తాయి: 23వ గుండు, ఆ తరువాత ప్రతి 15వ గుండు దానికి తగిలితే 300. అంతకంటే గుండె ధైర్యం కావలసింది జపాన్ ఆటగాళ్లు నగోయా నగరం పేరు పెట్టుకున్న ఎత్తు. శత్రువులను కావాలనే అట్టడుగు వరుసదాకా దిగనిస్తే, తెర అడుగున ఉన్న మన తుపాకీకి ఆనుకున్నంత దగ్గరగా ఉన్న వారి గుండ్లు దాన్ని తాకవు. ఇంకొక్క మెట్టు దిగారా, ఆట ముగిసినట్టే.

ప్రశ్న: ప్యాక్‌మ్యాన్‌లో 256వ దశను ఎవరూ దాటలేరని మిత్రుడు పందెం కాస్తున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పందెం కట్టకండి, ఓడిపోతారు. దయ్యాలకు చిక్కకుండా చుక్కలు తింటూ పోయే, నామ్‌కో సంస్థ 1980లో విడుదల చేసిన ఈ ఆటలో దశల లెక్కకు కేటాయించిన 8 బిట్ల చోటు 255 దాకే సరిపోతుంది. ఆ తరువాతి దశలో, తెర అడుగున పండ్ల బొమ్మలు గీసే ప్రోగ్రాము లెక్క తప్పి గీస్తూనే పోవడంతో, కుడి సగమంతా అక్షరాలూ అంకెలూ కలగాపులగమై నిండిపోతుంది. దశ ముగియాలంటే 244 చుక్కలు తినాలి, అక్కడ అన్ని చుక్కలు మిగలవు.

అయినా అక్కడిదాకా వెళ్లేవారున్నారు. దయ్యాలు ఇష్టం వచ్చినట్టు తిరగవు. ఎర్రది నేరుగా వెంటపడుతుంది, గులాబీది మన ముందున్న నాలుగో గడికి గురిపెడుతుంది, మనం ఒకే దారిలో ఒకేలా నడిస్తే అవీ మళ్లీ అలాగే కదులుతాయి. అందుకే ఆరితేరినవారు దారులను ఎక్కాల్లా బట్టీపడతారు. ఈ ఆటలో సాధ్యమయ్యే అత్యధిక స్కోరు 33,33,360. ఆ చివరి దశ కుడి సగంలో దాగిన కొద్దిపాటి చుక్కలు ప్రాణం పోయినప్పుడల్లా తిరిగి వస్తాయి కనుక, అంతవరకూ ఒక్క ప్రాణమూ పోగొట్టుకోని ఆటగాడు అక్కడ కావాలనే ఒక్కొక్కటీ వదులుకోవాలి. ఇంత పొదుపరి ఖర్చు నేను మరే ఆటలోనూ చూడలేదు.

ప్రశ్న: చిన్నప్పుడు మా ఊరి వీడియో గేమ్ షాపులో ‘ముస్తఫా’ ఆట ఆడేవాళ్లం. దాని అసలు పేరేమిటి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: క్యాప్‌కామ్ సంస్థ 1993లో తెచ్చిన ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. పసుపు టోపీతో, అందరికంటే చురుగ్గా పరుగెత్తే ముస్తఫా అందులోని నలుగురు వీరుల్లో ఒకడు మాత్రమే, మనవాళ్లు ఆటకే అతని పేరు పెట్టేశారు. మిగిలిన ముగ్గురు జాక్, హానా, మెస్. ఇద్దరు కలిసి బిళ్లలు వేస్తే, ముస్తఫా నాకంటే నాకని మొదటి తగాదా వాళ్లిద్దరి మధ్యే మొదలయ్యేది.