రోజంతా గీసినా జానెడే... ఈ ఓపికకు కెరీర్ ఉందా?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. సెలవు వస్తే చాలు, శాలువా అంచునో లేసునో ముందు పెట్టుకుని పెన్సిల్‌తో గీస్తూ కూర్చుంటుంది. రోజంతా గీసినా జానెడు దాటదు. కంప్యూటర్‌లో నిమిషంలో అయ్యే పనికి ఇంత సమయమా అని నాకు టెన్షన్‌గా ఉంది. దీంతో కెరీర్ ఉంటుందా? – ఒక తల్లి

జవాబు: ఉంటుందమ్మా. కానీ గీత బాగుంటే చాలదు, గీస్తున్న బట్ట ఎలా తయారైందో కూడా పాపకు తెలియాలి.

ఒకసారి పక్కన కూర్చుని ఆ జానెడు చూడండి. గొలుసుకుట్టులో ప్రతి మెలిక దాని ముందున్న మెలికలోంచే పుట్టాలి. పట్టుదారంతో నింపిన ఆకు ఒకే రంగులో ఉన్నా, కుట్టు వాలు మారితే ఒక సగం మెరుస్తుంది, ఇంకో సగం నీడగా ఉంటుంది. మెరుపును పెన్సిల్ గీయలేదు, అక్కడ కాగితాన్ని తెల్లగా వదిలేయాలి. ఎక్కడ వదలాలో తెలియడానికే గంటలు పడుతుంది. బట్ట మడత పడితే మరీ కష్టం. లోపలికి పోయిన తీగ అవతల ఎక్కడ తేలుతుందో లెక్క కట్టాలి. ఈ చూపు ఉన్న పిల్లలు తక్కువ. నిజంగా తక్కువ.

ఇక కంప్యూటర్ సంగతి. మగ్గం మీద డిజైన్లు నేయడానికి వచ్చిన 1804 నాటి జకార్డ్ యంత్రానికి డిజైన్‌ను ముందు గళ్ల కాగితం మీదకు ఎక్కించి, ఆ గళ్లను బట్టి అట్టలకు రంధ్రాలు కొట్టేవారు. ఒక్కో గడి అంటే పడుగు (నిలువు దారం), పేక (అడ్డ దారం) కలిసే ఒక చోటు. నేటి నేత సాఫ్ట్‌వేర్‌లోనూ కనిపించేవి ఆ గళ్లే. కాబట్టి సాఫ్ట్‌వేర్ తప్పకుండా నేర్పించండి, పెన్సిల్ మాత్రం మాన్పించకండి.

ఒకే డిజైన్ అతుకు తెలియకుండా మళ్లీ మళ్లీ వచ్చేలా గీయడాన్ని రిపీట్ అంటారు. అది ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. గీసిన కాగితాన్ని నిలువుగా సగానికి కోసి, కుడి ముక్కను ఎడమకు మార్చి అతికించమనండి. మధ్యలో తెగిన తీగలను అతుకు కనబడకుండా కలపాలి. తర్వాత అడ్డంగా కోసి అదే పని. డిజైన్ బట్ట పొడవునా ఎలా సాగుతుందో దీంతో చేతికే తెలుస్తుంది.

ఉద్యోగాల్లో విశాలమైన దారి టెక్స్‌టైల్ డిజైన్. మ్యూజియంల కోసం పాత బట్టలను గీసి నమోదు చేయడం, పురావస్తు చిత్రలేఖనం ఇరుకు దారులు. అక్కడ ఇలాంటి చెయ్యికి విలువ ఎక్కువ. సిరా మరక పడితే పోదని చాలా మ్యూజియంల పరిశీలన గదుల్లోకి పెన్సిల్‌నే రానిస్తారు.

కోర్సుకు అప్లై చేసేటప్పుడు సగంలో ఆగిన బొమ్మను కూడా పోర్ట్‌ఫోలియోలో పెట్టమనండి. ముందు వేసిన సన్నని గీతలు, కొలతలు అందులోనే కనిపిస్తాయి. పక్కనే అసలు బట్ట ఫోటో ఉంటే ఇంకా మంచిది.