జపాన్‌లో ఇంటి దగ్గరి చవక సుషీ హోటల్ అనుభవం ఎలా ఉంటుంది? పచ్చి చేప మన తెలుగువాళ్ళకి పడుతుందా?

పడుతుంది. చేపల పులుసు తిని పెరిగినవాళ్ళకి ఇంకా బాగా పడుతుంది. పడదని చెప్పేవాళ్ళలో చాలామంది తిన్నది జపాన్‌లో కాదు, మన ఊళ్ళో ఏదో మాల్‌లో. ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నపు చుట్ట మీద మయొనైజ్ పోసి ఇస్తే, అది ఒకటి తిని మొత్తం సుషీ మీదే తీర్పు చెప్పేస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. సుషీ అంటే ఎక్కువగా చిన్న అన్నం ముద్ద మీద చేప ముక్క. ఆ అన్నం గోరువెచ్చగా ఉండాలి. చల్లబడి గట్టిపడిన అన్నం మీద ఎంత మంచి చేప పెట్టినా దండగే.

నేను టోక్యోలో నిషి కసాయ్‌లో ఉంటాను. ఈ పేటలో మనదేశం వాళ్ళు చాలామంది ఉన్నారు. ఐటీ ఉద్యోగాలకి వచ్చిన తెలుగువాళ్ళూ బాగానే కనిపిస్తారు. ఊరి నుంచి చుట్టాలెవరు వచ్చినా అడిగేది ఒకటే, గింజా అనే ఖరీదైన పేటలో పేరున్న సుషీ హోటల్‌కి తీసుకెళ్ళమని. నేను తీసుకెళ్ళను. అక్కడ ఒక మనిషికి ఇరవై ముప్ఫై వేల యెన్లు సులువుగా అవుతాయి, ముందే బుక్ చేసుకోవాలి, వాళ్ళు ఏది పెడితే అది తినాలి. మొదటిసారి పచ్చి చేప నోట్లో పెట్టుకునే మనిషికి అంత టెన్షన్ దేనికి? మొదటి సుషీ ఇంటి దగ్గరి కొట్టులోనే తినాలి. నచ్చని ముక్క పక్కన పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు.

స్టేషన్ నుంచి మా ఇంటికి వచ్చే దారిలో అలాంటి కొట్టు ఒకటుంది. కౌంటర్ ముందు ఎనిమిది కుర్చీలు, వెనక రెండు బల్లలు, గోడ మీద చేపల పేర్లు రాసిన చెక్క పలకలు. మధ్యాహ్నం వెయ్యి యెన్లకి, అంటే మన డబ్బుల్లో ఐదారు వందలకి, ఎనిమిది ముక్కల సుషీ, మిసో సూప్ వస్తాయి. టీ ఎంత తాగినా ఉచితమే. టిప్ ఇవ్వక్కర్లేదు. నడిపేది అరవై దాటిన భార్యాభర్తలు. ఆయన చేప కోస్తారు, ఆవిడ టీ పోస్తారు, లెక్కలు చూస్తారు. పేటలో వాళ్ళంతా ఆయన్ని తైషో, అంటే కొట్టు పెద్దాయన, అనే పిలుస్తారు.

అమ్మా నాన్నగారూ వచ్చినప్పుడు అక్కడికే తీసుకెళ్ళాను. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారు జీవితమంతా రొయ్యల చెరువుల మీదే బతికారు. కుర్చీలో కూర్చోగానే ఆయన చూపు మెనూ మీద పడలేదు, కౌంటర్ మీదున్న అద్దాల పెట్టె మీద పడింది. అందులో చేప ముక్కలు వరసగా పేర్చి ఉంటాయి. నీచు వాసన లేదేమిటని ఒకటికి రెండుసార్లు గాలి పీల్చి చూశారు. వాసన రాకపోవడమే మంచి చేపకి గుర్తని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్లేటు వచ్చింది. మిగతావన్నీ వదిలేసి ముందు రొయ్య ముక్క ఎత్తారు. సుషీలో ఈ రొయ్య పచ్చిది కాదు, ఉడికించినది. అన్నం మీద తోకతో సహా బల్లపరుపుగా పరుచుకుని ఉంటుంది. "ఏమ్మా, ఉడికించాక రొయ్య వంకర తిరగాలి కదా, ఇదేంటి ఇంత తిన్నగా ఉంది?" అన్నారు. నేను ఎన్నాళ్ళ నుంచో తింటున్నాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. నాకొచ్చిన జపనీస్‌లో తైషోని అడిగాను.

ఆయన నోటితో చెప్పలేదు. లోపలికి వెళ్ళి ఒక పచ్చి రొయ్య, ఒక సన్నటి వెదురు పుల్ల తెచ్చి మా ఎదురుగా పెట్టారు. తల తీసేసిన రొయ్య అది. పొట్ట వైపు, పెంకుకీ కండకీ మధ్య నుంచి పుల్లని తోక దాకా దూర్చారు. ఆ పుల్లతోనే ఉప్పు నీళ్ళలో ఉడికించి, ఐసు నీళ్ళలో వేసి, పుల్లని ఒకసారి మెలితిప్పి లాగేశారు. తర్వాత తోక వదిలి పెంకు ఒలిచి, పొట్ట వైపు గాటు పెట్టి పుస్తకంలా విప్పి, నల్ల నరం తీసి పడేశారు. నాన్నగారు కుర్చీ అంచు మీదకి జరిగి, రెప్ప వేయకుండా చూశారు. "అరవై కౌంట్ ఉంటుంది, వెనామీయే" అన్నారు. కిలోకి అరవై తూగే సైజు అని, వెనామీ అంటే ఇప్పుడు మన చెరువుల్లో పెంచే రొయ్య రకం. నేను వెనామీ అనగానే తైషో మొహం వెలిగిపోయింది. ఇండియా, ఇండోనేషియా, వియత్నాం, ఏది దొరికితే అది కొంటానని చెప్పారు.

ఇంక నాన్నగారిని ఆపడం ఎవరి తరం? టైగర్ రొయ్యకి తెల్లమచ్చ తెగులు తగిలి చెరువులకి చెరువులు తుడిచిపెట్టుకుపోయిన తొంభైల నాటి సంగతి, 2009లో వెనామీకి అనుమతి వచ్చాక మళ్ళీ నిలదొక్కుకున్న సంగతి, రాత్రిళ్ళు చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోతే టార్చి పట్టుకుని గట్టు మీద పరిగెత్తడం, అన్నీ తెలుగులో చెబుతూ పోయారు. నేను సగం కూడా అనువదించలేకపోయాను. అయినా ఆ ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. మన దగ్గర చెరువులో రొయ్యలు పట్టిన రోజు లారీ ఎక్కిన సరుకు చివరికి ఎవరి ప్లేటులో పడుతుందో పెంచినవాళ్ళకి తెలియదు. కౌంటు ఎక్కువ చూపించి, ధర తగ్గించి కొనేవాళ్ళు మాత్రమే వాళ్ళకి తెలుసు. రైతుకి గిట్టుబాటు కాని రేటు గురించి ఎవరూ మాట్లాడరు, ఎగుమతి లెక్కలు మాత్రం గొప్పగా చెబుతారు. మా నాన్నగారికి తన సరుకు విలువ తెలిసిన మనిషి ఒకరు ఎదురుపడటం నేను చూసింది ఆ కొట్టులోనే. గింజాలో ఇది జరిగేది కాదు.

పచ్చి చేప తింటే జబ్బు చేయదా అని కూడా అడుగుతుంటారు. సముద్రపు చేపలో అనిసాకిస్ అనే పురుగు ఉండొచ్చు. మైనస్ 20 డిగ్రీల దగ్గర 24 గంటలు గడ్డకట్టిస్తే అది చస్తుంది. వెనిగర్‌లో నానబెడితే చావదు. ఇప్పుడు పిల్లలు ఎగబడి తినే సాల్మన్ సుషీ కూడా పాత అలవాటు కాదు. తమ సముద్రపు సాల్మన్‌ని పురుగుల భయంతో జపాన్ వాళ్ళు పచ్చిగా తినేవాళ్ళు కాదు. 1980ల్లో నార్వే వాళ్ళు తమ పెంపకపు సాల్మన్‌ని తెచ్చి అలవాటు చేశారు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఇదంతా చదివి ఇంటి దగ్గర బొచ్చె, రాగండి లాంటి చెరువు చేపల్ని పచ్చిగా తినే ప్రయత్నం చేయకండి. మంచినీటి చేపల పురుగులు వేరు, ప్రమాదం ఎక్కువ. ఇక్కడ మంచినీళ్ళలో పెరిగే ఉనాగి అనే పాములాంటి చేపని కూడా కాల్చే పెడతారు.

అమ్మ శనివారం నీచు ముట్టదు. మేం వెళ్ళింది శనివారమే. ఆవిడకి కీరా ముక్క పెట్టి చుట్టిన కప్పా మాకి, ముల్లంగి ఊరగాయతో చేసిన ఓషింకో మాకి చెప్పాను. రెండూ ఇష్టంగా తింది. శాకాహారులు మిసో సూప్ తాగకండి, అందులో సాధారణంగా ఎండు చేపతో కాచిన దషి ఉంటుంది. తియ్యటి టోఫూ సంచుల్లో అన్నం పెట్టే ఇనారి కూడా చూడటానికి శాకాహారమే కానీ, ఆ సంచుల్ని చాలాచోట్ల దషిలోనే ఉడికిస్తారు. ఈ సంగతి మన యూట్యూబ్ వాళ్ళు ఒక్కరూ చెప్పరు.

పిల్లలుంటే మాత్రం ప్లేట్లు తిరిగే చైన్ హోటళ్ళకి వెళ్ళండి. బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద వెళ్ళడం చూసి షిరాయిషి యోషియాకి అనే ఆయన 1958లో ఒసాకా పక్కన మొదలుపెట్టిన పద్ధతి అది. సుషీని మామూలు జీతగాడి దగ్గరికి తెచ్చిన మహానుభావుడు ఆయన. ఇప్పుడు ఆ సరదా తగ్గిపోయింది. పన్ను కాకుండా 100 యెన్లుండే ప్లేటు 2022 అక్టోబర్‌లో సుషిరో, కురా సుషీ అనే చైన్లు రెండింటిలోనూ పోయింది. 2023 జనవరిలో గిఫు ఊళ్ళోని సుషిరో శాఖలో ఒక కుర్రాడు సోయా సాస్ సీసా నాకిన వీడియో దేశమంతా పాకాక, చాలాచోట్ల బెల్టు మీద ప్లేట్లు వదలడం మానేశారు. స్క్రీన్ మీద నొక్కితే మీ ప్లేటు మీ దగ్గరికే వస్తుంది. కురాలో మాత్రం మూతలు పెట్టిన ప్లేట్లు తిరుగుతాయి, ఐదు ఖాళీ ప్లేట్లు వేస్తే బొమ్మ గెలిచే ఆట ఉంటుంది. పిల్లలు దానికోసమే ఇంకో ప్లేటు తింటారు.

చిన్న కొట్టుకి వెళ్ళేవాళ్ళు సోయా సాస్‌ని చేప వైపు మాత్రమే అద్దండి. అన్నం వైపు ముంచితే ముక్క విడిపోతుంది, ఉప్పు తప్ప ఇంకేమీ తెలియదు. వాసాబి ఘాటు వద్దనుకుంటే "సాబి నుకి" అని ముందే చెప్పాలి. సెంటు పూసుకుని వెళ్ళొద్దు, పక్కవాళ్ళ తిండి పాడవుతుంది. మామూలు రోజుల్లో ఒంటిగంట దాకా ఆఫీసు జనం ఉంటారు, చాలాచోట్ల రెండింటికి లంచ్ ఆర్డర్లు ఆపేస్తారు. ఆ మధ్యలో వెళ్తే తైషోకి మీతో మాట్లాడే తీరిక ఉంటుంది.