రాయి ఎటు పోతుందో ముందు చూసుకో

చిట్టితల్లీ,

మొదటి క్లాసులోనే తాడుకి రాయి కట్టి తిప్పుతావట, నీళ్ల బకెట్ కూడా తిప్పుతావట. అమ్మ చెప్పింది. సూత్రం బోర్డు మీద రాసేసి చేతులు దులుపుకునే టీచరువి కానందుకు గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

తాడు కొత్తది తీసుకో. రాయి వద్దు, రబ్బరు బిరడా చాలు. వడి రెండింతలైతే తాడు మీద లాగుడు నాలుగింతలు. "ఇంకా స్పీడుగా టీచర్!" అని పిల్లలు అరుస్తారు, వినకు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఘనకార్యం చేశాను. బోర్డు మీద వృత్తం, దాన్ని ఒక్క చోటే తాకే గీత, అదే స్పర్శరేఖ, గీసి, తాడు తెగితే రాయి ఈ గీత వెంటే పోతుందని చెప్పాను. పది నిమిషాలు తిరక్కుండానే తల మీద రాయి గిరగిరా తిప్పుతూ, అది సరిగ్గా ఎదుటి తలుపు వైపుకి రాగానే వదిలేశాను, గుమ్మం దాటి పోతుందని. నా చేతికి తెలిసిందల్లా రాయి బయటికి లాగుతోందని. నిజానికి నా వేళ్లే దాన్ని లోపలికి లాగుతున్నాయి. వదలగానే ఆ లాగుడు పోయింది. కుడి నుంచి ఎడమకి పోతున్న రాయి అలాగే తిన్నగా ఎడమ బెంచీ మీదికి పోయింది. ఒక పిల్లాడి కనుబొమ్మ చిట్లింది. మూడు కుట్లు. చొక్కా అంచు అదుముకుంటూ వాడు మెల్లగా "స్పర్శరేఖ సార్" అన్నాడు.

అందుకే వదలడం చూపించాలంటే, అంచున్న అట్ట పళ్లెంలో పావు వంతు కత్తిరించి గోలీ దొర్లించు. ఖాళీ రాగానే తిన్నగా పోతుంది. ఎవరైనా బయటికి లాగే అపకేంద్ర బలం అని అంటే కసురుకోకు. 1673లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ అచ్చువేసిన మాటే అది. కేంద్రం వైపు లాగే బలానికి అభికేంద్రం అని పేరు పెట్టింది ఆ తర్వాత న్యూటన్. చదివిన నేనే తప్పితే పిల్లలదేముంది!

బకెట్ సంగతి. భుజం నుంచి నీళ్ల దాకా మీటరు ఉంటే పైన వడి సెకనుకు 3.13 మీటర్లకు తగ్గకూడదు. చుట్టు రెండు సెకన్లలోపు అయిపోవాలి. ఆ వడిలో కింద చేతికి రెండింతల బరువు తగులుతుంది, పిడి గట్టిదేనా చూసుకో. మధ్యలో భయపడి నెమ్మదించావో, నెత్తిన పోసుకుంటావు. నీకు చిన్నప్పటి నుంచీ మధ్యలో ఆగే అలవాటుంది, అందుకే చెబుతున్నా. ముందు పెరట్లో ఒక్కదానివే పదిసార్లు తిప్పు.

క్లాసు అవగానే ఫోన్ చెయ్యి. బాగా జరిగిందా లేదా తర్వాత. ఎవరికీ దెబ్బ తగల్లేదని ముందు చెప్పు.

మామయ్య