చెట్లు లెక్కపెట్టడానికి పీహెచ్‌డీనా?

ప్రశ్న: కడపలో బీఎస్సీ బోటనీ ఫైనలియర్ చదువుతున్నాను. అడవుల మీద రీసెర్చ్ చేస్తానంటే మా నాన్న ‘చెట్లు లెక్కపెట్టడానికి పీహెచ్‌డీ ఎందుకురా’ అంటున్నాడు. ఏం చెప్పాలి?

జవాబు: లెక్కపెట్టడం కూడా ఉంటుంది లెండి, ఆయన అన్నది మరీ తప్పేం కాదు! అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, అంటే మీ ఇంటి పక్కనే. ఎండాకాలం ఆకు రాల్చేసి ఆ రాళ్లలో ఎలా బతుకుతోందో తెలియాలంటే తెల్లారకముందే అడవిలో ఉండాలి. రాత్రి చెట్టు నేలలోని నీటితో కాస్త తేరుకుంటుంది కదా, పొద్దు పొడవకముందే ఆకున్న రెమ్మ కోసి ప్రెషర్ ఛాంబర్‌లో (ఎంత ఒత్తిడి పెడితే రెమ్మలోని నీరు బయటికొస్తుందో కొలిచే పరికరం) పెడితే దాని దాహం ఎంతో అంకెల్లో కనిపిస్తుంది.

ఎమ్మెస్సీ యోగి వేమన యూనివర్సిటీలోనే చేయొచ్చు. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో లైఫ్ సైన్సెస్ రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొడితే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, హెచ్‌ఆర్‌ఏ అదనం. నాన్నకు ముందు ఈ అంకె చెప్పండి. పర్మినెంట్ పోస్టు మాత్రం ఆలస్యమవుతుంది, ఆ టెన్షన్ లేదని అబద్ధం చెప్పను. ఈలోగా స్టాటిస్టిక్స్ నేర్చుకోండి, బోటనీ వాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే. ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ లేకుండా మాత్రం ఎర్రచందనం రెమ్మ మీద చెయ్యి వేయకండి!